మాస్టారు పెట్టించిన గడువు

ఆ ఆసుపత్రిలో నెట్‌వర్కు మాస్టారిని వెనకాల అందరూ 'చాదస్తం' అనేవారు. ఆ పేరు పెట్టింది పరాయివాళ్ళు కాదు, ఆయన దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకున్న ఇంజినీరమ్మే. దూరాన ఉండి కంప్యూటర్లను కలిపే స్విచ్ పెట్టె అమరిక మీద చెయ్యి వేసేముందు, "పది నిమిషాల్లో నీ అంతట నువ్వే ఆగి మళ్ళీ మొదలవు" అని దానికి గడువు పెట్టమనేవారు ఆయన. తప్పు చేసి బయట చిక్కుకుపోతే, గడువు తీరగానే స్విచ్ పాత అమరికతో లేచి తలుపు తీస్తుంది. పని సవ్యంగా జరిగితే గడువు రద్దు చేసుకోవాలి. ఈ రెండు ముక్కలూ ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పి, పోయిన నెల రిటైరయ్యారు.

ఆ రోజు ఆమె మొదటిసారి ఒంటరిగా పనికి దిగింది. ఊరవతలి కొత్త భవనంలో ఆపరేషన్ థియేటర్ తెరుస్తున్నారు. రెండు భవనాల మధ్య ఉన్నది ఒకటే కేబుల్. దాని మీదే అక్కడి వార్డుల దారి పది నంబరుతో, ల్యాబు దారి ఇరవైతో, ఒకదాని జోలికి ఒకటి పోకుండా నడుస్తున్నాయి. ఇక థియేటర్‌కు ముప్ఫై. పదకొండింటికి మొదటి ఆపరేషన్. రెండుసార్లు వాయిదా పడిన పెద్దావిడ రాత్రి నుంచి ఖాళీ కడుపుతో ఉంది. రిపోర్టులు తెర మీద కనబడకపోతే మూడోసారీ వాయిదానే అని డాక్టరు తేల్చేశారు.

ఇక్కడి రౌటర్‌లో ముప్ఫైకి ఒక సబ్-ఇంటర్‌ఫేస్, అంటే విడి ద్వారం, రాయడం చిటికెలో అయింది. తరువాత తన తెర మీంచే అవతలి స్విచ్‌లోకి వెళ్ళి, విసుక్కుంటూనే అలవాటుకొద్దీ పది నిమిషాల గడువు పెట్టింది. కేబుల్ మీద పోనిచ్చే నంబర్ల జాబితాకు ముప్ఫైని కలపాలి. 'యాడ్' అని కొట్టడం మరిచి, ఒట్టి ముప్ఫై కొట్టింది. స్విచ్ చెప్పింది చెప్పినట్టు చేసే రకం. పదినీ ఇరవైనీ గెంటేసి ముప్ఫైని ఒక్కదాన్నే ఉంచుకుంది. ఆమె లోపలికి వెళ్ళింది పది దారినే. తెర బిగుసుకుపోయింది.

ల్యాబు పెద్దాయన ఫోన్ చేశారు.

"ఏంటమ్మా, ఇక్కడ కంప్యూటర్లన్నీ పడుకున్నాయి?"

"కాసేపు ఆగండి సార్. లేస్తాయి."

"నువ్వు లేపుతావా, వాటంతట అవే లేస్తాయా?"

"అవే లేస్తాయి సార్."

అన్నదేగానీ, గడువు పనిచేయకపోతే తనే వెళ్ళాలి. ఆ భవనానికి వెళ్ళాలంటే కారులో ముప్పావుగంట. గోడ గడియారం కేసి చూస్తూ కూర్చుంది. గడువు తీరింది, స్విచ్ ఆగింది, పదింపావుకల్లా పాత జాబితాతో లేచింది. ఆ చాదస్తానికి ఆమె మనసులోనే దండం పెట్టుకుంది.

పది గంటల ఇరవై నిమిషాలకు మళ్ళీ మొదలుపెట్టింది. భయం వదలక ఈసారి నలభై నిమిషాల గడువు పెట్టి, 'యాడ్' రెండుసార్లు సరిచూసుకుని కొట్టింది. మూడు దారులూ నడిచాయి. సేవ్ చేసి విండో మూసేసింది. పదకొండుకు పది నిమిషాలుందనగా, రిపోర్టులు కనబడుతున్నాయనీ, పెద్దావిడను లోపలికి తీసుకెళ్తున్నామనీ నర్సు చెప్పింది.

ఏరు దాటాక తెప్ప తగలేసే మనిషి కాదు ఆమె. వెంటనే మాస్టారికి ఫోన్ చేసింది.

"మాస్టారూ, మీరిక్కడ లేకపోయినా ఇవాళ నన్ను మీరే గట్టెక్కించారు," అంటూ జరిగిందంతా చెప్పింది. "మీకు చాదస్తం అని పేరు పెట్టింది కూడా నేనే. క్షమించండి."

"తెలుసులే తల్లీ. నాలుగేళ్ళుగా వింటున్నాగా," అని నవ్వారు. "సరే, రెండోసారి పెట్టిన గడువు రద్దు చేశావా?"

ఆమె గడియారం చూసింది. పదకొండుకు మూడు నిమిషాలుంది.

"సేవ్ చేశాను మాస్టారూ."

"సేవ్ చేస్తే గడువు పోదు. పదకొండింటికి అది మళ్ళీ ఆగుతుంది."

ఆమె ఫోన్ బల్ల మీద పడేసి విండో తెరిచింది. తొందరలో పాస్‌వర్డ్ ఒకసారి తప్పింది. రెండోసారి లోపలికి వెళ్ళి రద్దు కొట్టేసరికి ఇంకా నిమిషం మిగిలి ఉంది. రద్దయిందని తెర మీద వచ్చింది.

ఫోన్ తీసి చూస్తే మాస్టారు ఇంకా లైన్లోనే ఉన్నారు.

"చేశాను మాస్టారూ."

"మంచిది. ఏదో చెప్తున్నావుగా ఇందాక. ఇప్పుడు చెప్పు, వింటాను."