పక్క కుర్చీ

"పిల్ల ఉంటుందిగా, అది మాట్లాడుతుందిలే. నువ్వు ఊరికే తలాడించి రా."

పెనం మీద మొక్కజొన్న రొట్టెలు తిరగేస్తున్న అంపారోతో పొద్దున్నే మొగుడు రొహెలియో అన్న మాట ఇది. అని, అన్నం డబ్బా అందుకుని, రబ్బరు బూట్లు చంకన పెట్టుకుని మాంసం ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. పదిహేడేళ్ళ కూతురి చదువు గురించి మాట్లాడాలి, ఓసారి రండి అని బడివాళ్ళు కబురు పెడితే తండ్రికి తీరిక లేదు. తల్లికి మాత్రం ఉంటుంది. అత్తగారికి జావ కాచి, మందులు మింగించి, చిన్నవాళ్ళిద్దరికీ కోట్లు తొడిగి బస్సెక్కించి, ఆ తర్వాత వృద్ధాశ్రమంలో దుప్పట్లుతికే ఉద్యోగానికి పరిగెత్తే మనిషికి తీరిక ఎక్కడిదో ఎవరూ అడగరు. అడిగితే సమాధానం వినాల్సి వస్తుందిగా! ఈ ఒక్క పూట కోసం ఆమె తోటి పనిమనిషిని బతిమాలి, బదులుగా ఆదివారం తను పనిచేస్తానని ఒప్పుకుంది.

అద్దం ముందు నిలబడి పెదవులకి కాస్త రంగు రాసుకుంటుంటే, సోఫాలోంచి అత్తగారు దోన్యా ఎల్విరా చూడనే చూసింది.

"బడికి పోవడానికి ఆ సోకులెందుకే? పరీక్ష దానికా, నీకా?"

"దానికే అత్తయ్యా" అంది అంపారో, నవ్వు తెచ్చుకుని. నాలుగు మాటలు అనాలని ఉంది. ఉన్నా అనలేదు. ఆ ఇంట్లో ఆమె మింగిన మాటలకి లెక్క లేదు.

కారులో వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా కోతలయిపోయిన మొక్కజొన్న చేలు, మోళ్ళ మీదుగా నవంబరు గాలి. మెక్సికో నుంచి అమెరికాలో ఈ నెబ్రాస్కాకి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఇంగ్లీషు రాలేదని మొగుడు నలుగురిలో నవ్వుతూ చెబుతాడు. మొదట్లో ఒకసారి ఫ్యాక్టరీవాళ్ళ విందులో సూపర్‌వైజరు భార్యతో ఆమె ధైర్యం చేసి ఓ ముక్క ఇంగ్లీషులో చెప్పింది. మాటలు కాస్త ముందువెనకలయ్యాయి. రొహెలియో, అతని తమ్ముళ్ళు ఆ ముక్కని పట్టుకుని ఏడాది పొడుగునా, ఎవరింట్లో ఏ పండగకి కూర్చున్నా, ఆమె గొంతుని అనుకరించి మరీ చెప్పుకుని నవ్వారు. అంతే, ఆ రోజునుంచి పరాయివాళ్ళ ముందు నోరు మెదపలేదు.

కానీ రాకుండా ఎలా ఉంటుంది? చెవులు మూసుకోలేదుగా. వృద్ధాశ్రమంలో లొరీన్ అని తొంభయ్యేళ్ళ ముసలావిడ ఉంది. కళ్ళు సగం పోయాయి, చెవులు ముప్పాతిక పోయాయి, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. అంపారో దుప్పట్లు మడతపెడుతుంటే చక్రాల కుర్చీలో పక్కకొచ్చి రోజూ ఒకే కథ చెబుతుంది. తను పెళ్ళికి ముందు ట్రాక్టరు నడిపిన కథ, పెళ్ళయ్యాక మొగుడు ఆ తాళాలు దాచేసిన కథ. విన్న కథే వినగా వినగా ఒక్కో మాటా విడివడి అర్థమవడం మొదలయింది. తర్వాత అంపారో జవాబులు కూడా చెప్పేది. నెమ్మదిగా చెబితే ముసలావిడ ఊరుకునేది కాదు. "గట్టిగా చెప్పమ్మా, చెవుడొచ్చిందిగానీ చావు రాలేదు నాకు!" అనేది. మాటలు తిరగబడినా నవ్వేది కాదు. అలా ఉతికిన దుప్పట్ల వాసన మధ్య, ఇంట్లో ఎవరికీ తెలియకుండా, అంపారోకి ఇంగ్లీషు వచ్చేసింది. వంకరటింకరగానే వచ్చింది. అయినా వచ్చింది.

ఆ సంగతి కూతురికి కూడా చెప్పలేదు.

నయేలీ ఏడో ఏటినుంచీ ఇంటికి నోరు. కరెంటు ఆఫీసు, ఇంటి అద్దెవాడు, నానమ్మ డయాలసిస్, తమ్ముళ్ళ దంత వైద్యం, ఎక్కడికైనా సరే బడి మాన్పించి పిల్లని వెంటబెట్టుకెళ్ళడమే. వాళ్ళు ఇంగ్లీషులో అన్నది ఇటు స్పానిష్‌లో చెప్పేది, ఇటు అన్నది అటు చెప్పేది. చెబుతున్నంతసేపూ తన చెయ్యి తల్లి మణికట్టు మీద వేసి ఉంచేది. అది దానికి చిన్నప్పటి అలవాటు. పదకొండో ఏట, అంపారో ఐదోనెల కడుపుతో క్లినిక్ బల్ల మీద పడుకుని ఉంటే, డాక్టరు తెరవంక చాలాసేపు చూసి ఏదో అంది. నయేలీ జుట్టు చెవి వెనక్కి తోసుకుని, "రేపు మళ్ళీ రమ్మంటోందమ్మా, మిషను సరిగ్గా లేదుట" అంది. అప్పటికి అంపారోకి అంత ఇంగ్లీషు రాదు. డాక్టరు మొహం చూస్తే అర్థం కాకపోవడానికి అది భాష కాదుగా. లోపలి బిడ్డ పోయాడని తెలిసింది. తెలిసీ, "అలాగే, రేపొద్దాం" అంది. పదకొండేళ్ళ పిల్ల తన కోసం అంత పెద్ద అబద్ధం మోస్తుంటే దాన్ని అక్కడికక్కడ కింద పడేయడానికి మనసొప్పలేదు. రొహెలియోకి ఆ రోజు సెలవు దొరకలేదు.

ఇప్పుడు దానికి గది ఉంది, గదికి తలుపు ఉంది, చెవులకి ఎప్పుడూ ఏవో తీగలుంటాయి. ఇంట్లో తల్లితో మాట్లాడే మాటలు "ఆకలి లేదు", "తర్వాత చేస్తాలే". క్లినిక్ కుర్చీల్లో మాత్రం వచ్చి పక్కన కూర్చుంటుంది. మణికట్టు మీద చెయ్యి వేస్తుంది. ముగించుకుని వస్తూ ఇద్దరూ పెట్రోలు బంకు దగ్గర ఆగి వేడి వేడి చాక్లెట్ పాలు తాగుతారు, అప్పుడు నయేలీ తమ్ముళ్ళ మీద చాడీలు చెబుతుంది, నవ్వుతుంది. ఆ గంట కోసం అంపారో ప్రాణం కొట్టుకుంటుంది. కన్న కూతురి కోసం బెంగపెట్టుకోవడానికి అది ఏ దూరదేశమో పోనక్కర్లేదు, పక్కగదిలో ఉన్నా చాలు.

బడిలో పిల్లల చదువుల సలహాదారు మిసెస్ పికెట్, పెద్ద కాఫీ మగ్గు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. మంచి మనిషిలాగే ఉంది. "ఫోన్లో తర్జుమా చేసేవాళ్ళున్నారు, పిలవనా?" అంది.

"అక్కర్లేదండీ, నేనున్నాగా" అంది నయేలీ. పక్క కుర్చీలో కూర్చుని అలవాటుగా మణికట్టు మీద చెయ్యి వేసింది. అంపారో మనసు చల్లబడింది.

"చూడండి" అని మొదలుపెట్టింది మిసెస్ పికెట్. "మే నెలలో కాలేజీ స్థాయి పరీక్షలు నాలుగు రాస్తానని మీ అమ్మాయి సెప్టెంబరులో చెప్పింది. లెక్కలు, రసాయనం, చరిత్ర, ఇంగ్లీషు. మంచి మార్కులొస్తే రేపు యూనివర్సిటీలో ఆ కోర్సులు మళ్ళీ చదవక్కర్లేదు, దాదాపు ఏడాది కలిసొస్తుంది. స్పానిష్ కూడా రాయమన్నాను. ఇంట్లో మాట్లాడే భాషే కదా, దానికీ కాలేజీలో విలువుంది. తీరా నిన్నొచ్చి ఒక్కటీ రాయనంది. శుక్రవారంతో గడువు అయిపోతుంది. ఆ తర్వాత పేరివ్వడం కుదరదు."

నయేలీ జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

"బాగా చదువుతున్నానంటోందమ్మా. క్లాసులో అల్లరి కూడా చెయ్యనట."

అంపారోకి రెండు మాటలూ అర్థమయ్యాయి. పైకి మాత్రం తలాడించింది.

"ఫ్యాక్టరీ ఆఫీసులో తర్జుమా ఉద్యోగం ఉందట, వాళ్ళ నాన్న మాట్లాడాడట, చదువవగానే చేరిపోతానంటోంది" అంది మిసెస్ పికెట్. "తప్పని నేననను. కానీ ఈ పిల్ల లింకన్ నగరంలో యూనివర్సిటీకి వెళ్ళాల్సిన పిల్ల. మీ ఉద్దేశం ఏమిటో తెలుసుకుందామని పిలిచాను. మీకు పంపడం ఇష్టం లేదా?"

"చలి ముదురుతోంది, కారు టైర్లు మార్పించుకోమంటోంది" అంది నయేలీ స్పానిష్‌లో.

"మన టైర్ల మీద ఆవిడకి అంత బెంగెందుకే?"

నయేలీ పెదవుల మీద నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. అటు తిరిగి, చక్కటి ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా చెప్పింది. "ఇంట్లో నా అవసరం ఉంది అంటోంది మా అమ్మ."

ఇంట్లో నీ అవసరం ఉంది. ఆ మాట అంపారోకి కొత్త కాదు. ఇరవై నాలుగేళ్ళ కిందట, మెక్సికోలో వాళ్ళ ఊళ్ళో, అంపారో పంతులమ్మ చదువు ప్రవేశపరీక్షకి పేరిస్తానని వెళ్ళి అడిగినప్పుడు, వాళ్ళమ్మ ఉతుకుతున్న బట్ట మీంచి తలెత్తకుండా అన్న మాట అది. శనివారం ఆఖరు రోజు. ఆ శనివారం అంపారో తమ్ముళ్ళకి చొక్కాలు ఇస్త్రీ చేసింది. పరీక్ష రాసి తప్పితే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేది. పేరే ఇవ్వని పరీక్షని ఏమని ఏడవాలి? ఏ మార్కులు రాలేదని? ఇన్నేళ్ళుగా ఆ ఏడుపుకి ఎక్కడ కూర్చోవాలో తెలియక ఆమె లోపల తిరుగుతూనే ఉంది. ఆ మాట మాత్రం తన నోట రాకూడదనుకుంది. రానివ్వలేదు కూడా. ఇప్పుడు తన పేరు పెట్టి, తన కూతురే, తన తరఫున అనేసింది. రొహెలియో నవ్వినప్పుడు కూడా ఇంత అవమానం అనిపించలేదు.

మిసెస్ పికెట్ నిట్టూర్చి, "సరే అయితే, మీ ఇష్టం" అంది.

"కాదు."

అంపారో ఇంగ్లీషులోనే అంది. ముసలావిడకి చెప్పడం అలవాటైన గొంతుతో, గట్టిగా. అవతలి గదిలో టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"నేను అలా అనలేదు. నా కూతురు చెప్పింది నా మాట కాదు. నాలుగు రాస్తుంది. స్పానిష్ కూడా రాస్తుంది. అది నేను నేర్పాను. పేరు వేయండి!"

మాటలు కొన్ని ముందుకీ కొన్ని వెనక్కీ పోయాయి. ఎవరూ నవ్వలేదు. మణికట్టు మీది చెయ్యి మెల్లగా జారిపోయింది. అంపారో దానివంక చూడలేదు. చూస్తే మళ్ళీ పట్టుకుంటానని భయం వేసింది.

మిసెస్ పికెట్ సర్దుకుని, "పేరు నేను వేయకూడదండీ, అమ్మాయే వేసుకోవాలి" అని కంప్యూటరు తెర నయేలీ వైపు తిప్పింది.

నయేలీ తల్లి వైపు తిరిగింది. స్పానిష్‌లో అడిగింది. "నానమ్మని డయాలసిస్‌కి ఎవరు తీసుకెళ్తారు?"

"నేను."

"డాక్టరుతో ఎవరు మాట్లాడతారు?"

"ఇప్పుడు ఎవరు మాట్లాడారో ఆవిడే."

"నాన్నకి ఏం చెప్తావు? ఉద్యోగం మాట్లాడేశాడు."

"నాన్నతో నేను మాట్లాడుకుంటాను. నువ్వు తర్జుమా చెయ్యక్కర్లేదు."

నయేలీ కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. తర్వాత ఒక్కొక్కదాన్నే నొక్కింది. లెక్కలు. రసాయనం. చరిత్ర. ఇంగ్లీషు. స్పానిష్ దగ్గర ఆగింది, కళ్ళు తుడుచుకుంది, నొక్కింది.

కారు దాకా వెనకే వచ్చింది. కోటు కూడా వేసుకోలేదు. తలుపు తీసుకుని లోపల కూర్చుని, "ఎప్పట్నుంచి?" అంది.

"అయిందిలే, నాలుగైదేళ్ళు."

"క్లినిక్‌లో ఆ రోజు? తమ్ముడు పోయిన రోజు?"

"భాష తెలీదు. సంగతి తెలిసింది."

"నేను అబద్ధం చెప్పానని తెలిసే ఊరుకున్నావా?" నయేలీ ఏడ్చేసింది. "అమ్మని నేనే మోసం చేశానని ఆరేళ్ళుగా చస్తున్నానమ్మా నేను! ఆ రాత్రంతా నువ్వు కడుపులో వాడితో మాట్లాడుతూ పడుకున్నావేమోనని..."

"అయ్యో తల్లీ" అంది అంపారో. ఆ బరువంతా తనొక్కతే మోస్తున్నానని అనుకుంది ఇన్నాళ్ళూ. పిల్ల అటు చివర పట్టుకుని ఉందని తెలియలేదు.

బడిలో గంట మోగింది. నయేలీ దిగలేదు. ఏడుపులోంచి కోపం పైకొచ్చింది.

"మరి నాలుగేళ్ళుగా ఇంగ్లీషు వచ్చినప్పుడు నన్నెందుకు లాక్కెళ్ళావు? నా కెమిస్ట్రీ లాబులన్నీ ఎగ్గొట్టించి! పంటి డాక్టరు దగ్గరికి కూడా నేనే రావాలా? నవ్వుతారని భయమా?"

అవునని చెప్పొచ్చు. అబద్ధమూ కాదు. మొగుడు నవ్వుతాడని, మరుదులు వెక్కిరిస్తారని, నోరు తిరగదని ఎన్నయినా చెప్పొచ్చు. పిల్ల నమ్ముతుంది, క్షమిస్తుంది కూడా. కానీ ఇప్పుడే కదా ఒకరి నోట్లో ఇంకొకరు మాట పెట్టకూడదని అంత గట్టిగా అరిచి వచ్చింది. ఇక తన నోట్లో తనే అబద్ధం ఎలా పెట్టుకుంటుంది? అంపారో స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కడైతేనే కదే" అంది, "నువ్వొచ్చి నా పక్కన కూర్చునేది."