టేపు చుట్టిన కొస

దుర్గప్ప నిచ్చెన దిగి, కిటికీలోంచి పక్కింటి పుష్పమ్మ టీవీ చూశాడు. నీడ అలాగే ఉంది. వార్తలు చదివే అమ్మాయి ముఖం పక్కన, నువ్వుగింజంత ఎడంగా, పలచటి మరో ముఖం.

"పిల్లకు రెండు ముక్కులున్నయ్ అన్నా. మీ కేబుల్ వద్దు, డిష్ ఛత్రీ పెట్టిస్తం మేము," అంది పుష్పమ్మ.

వీధంతా ఇదే మాట. కేబుల్ యజమాని ఓంకార్ పొద్దున్నే ఫోన్ చేశాడు: "ఇయ్యాల నీడ పోవాలె మామా. లేకుంటే రేపటిసంది పనికి రాకు. హుమ్నాబాద్ పోరడు తయారుగున్నడు."

దుర్గప్పది బక్క శరీరం. తీగచుట్ట మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. ఈ పనికి ముందు చాలాకాలం ఇళ్ళకు కరెంటు వైరింగు చేశాడు. ఆ తీగకు పొడవుతో పనిలేదు. స్విచ్ వేస్తే బల్బు వెలుగుతుంది. కోసి టేపు చుడితే చచ్చి పడి ఉంటుంది. కేబుల్ తీగ అలా కాదు. అందులో బొమ్మ ప్రయాణం చేస్తుంది. కొస తెరిచి ఉంటే అక్కడ తగిలి, వెనక్కి తిరిగి, ఆలస్యంగా వచ్చి అసలు బొమ్మ పక్కన నిలబడుతుంది. కొసకు చిన్న ఇత్తడి టోపీ బిగిస్తే అక్కడే ఇంకిపోతుంది. గుల్బర్గాలో కంపెనీ మనిషి ఇది చెప్పినప్పుడు దుర్గప్ప నవ్వాడు.

హైదరాబాద్‌లో పని దొరుకుతోందని వీధిలో సగం మంది అక్కడికి పోయారు. తాళాలు పడ్డ ఇళ్ళ గోడలకు తీగలు వేలాడుతున్నాయి. పొద్దుటి నుంచి వాటన్నిటికీ టోపీలు బిగించాడు. నీడ పోలేదు.

తెగిన కొస ఎంత దూరముంటే నీడ అంత ఎడంగా పడుతుంది. నువ్వుగింజంత ఎడమంటే ఇది పొడవైన తీగే. గోడ చుట్టూ తిరిగి పెరటి గదిలోకి పోయే తీగ. వీధిలో అలాంటిది ఒక్కటే ఉంది.

"మీ ఇంట్ల చూసినవా?" అంది పుష్పమ్మ.

"మా ఇంట్ల టీవీ లేదు గదా."

"తీగ ఉన్నది గదా అన్నా."

అతను ఇంటికి నడిచాడు.

అతని పక్క, పొయ్యి, బిందె అన్నీ అరుగు మీదికి వచ్చి చాలా నెలలైంది. భార్య భీమవ్వ పెరటి గదిలోనే పోయింది, సీరియల్ చూస్తూ. ఛాతీలో నొప్పి అని ముందురోజు పుష్పమ్మకు చెప్పింది. మొగుడికి చెప్పలేదు. అందుకు ఆమెను అతను క్షమించలేదు. దినాలు అయిన మర్నాడే టీవీని హళ్ళిఖేడ్ బావమరిదికి ఇచ్చేసి, తీగ కోసి, టేపు చుట్టి, తలుపుకు గడియ పెట్టాడు.

ఇప్పుడు గడియ తీశాడు. టేపు విప్పాడు. చేయి ఆగింది. వీధంతా చూస్తున్న నీడ ఈ గది దాకా వచ్చి పోతోంది. టోపీ బిగిస్తే ఇక్కడి నుంచి ఇక ఏదీ బయటికి పోదు.

బిగించాడు.

గోడ అవతల నుంచి పుష్పమ్మ గొంతు వినిపించింది. "సాఫ్ అయింది అన్నా. ఒక్కతే ఉన్నది."

గూట్లో రిమోట్ ఉంది. బావమరిది మరిచిపోయి వెళ్ళాడు. వంట చేతుల చమురు అంటకుండా భీమవ్వ దానికి పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసింది. శబ్దం పెంచే బొత్తం దగ్గర మాత్రం, ఆమె బొటనవేలంత మేర, కవరు అరిగి చిరిగి ఉంది.