దాచిపెట్టిన చరణం

సీతారామయ్యకు అనుమానం పట్టుకుందంటే ఇక అంతే సంగతులు. వ్యాగన్ షెడ్డులో స్పానరు కనబడకపోతే పక్కవాడి డబ్బా తెరిచి చూసేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు. తీరా అది తన సంచిలోనే దొరికినా, ఆ పక్కవాణ్ణి ఇంకో వారం ఓ కంట కనిపెడుతూనే ఉండేవాడు. అలాంటి మహానుభావుడికి ఎనభై తొమ్మిదిలో, ఉగాది ఇంకా మూడు వారాలుందనగా, ఒక నల్ల అట్ట నోటుపుస్తకం దొరికింది.

దొరికింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు సంఘంవాళ్ళు నడిపే సంగీత పాఠశాలలో. పాఠశాల అంటే పెద్ద భవనమేమీ కాదు, హాలు వెనక రెండు గదులు. ఒక గదిలో సీతారామయ్య పాటా, వయొలినూ చెప్పేవాడు. పక్క గదిలో చిన్నారావు మృదంగం చెప్పేవాడు. చిన్నారావుకు పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం. ఇద్దరూ డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, ఆరింటికల్లా వచ్చి పిల్లలతో గొంతు చించుకునేవారు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇద్దరూ కలిసే కచేరీలకు వెళ్ళేవారు. పద్దెనిమిదేళ్ళ జోడీ. సీతారామయ్య వయొలిన్ కమాను ఎక్కడ ఆగబోతోందో చిన్నారావు చేతికి ముందే తెలిసిపోయేది.

ఆ సాయంత్రం చిన్నారావు ఇంకా రాలేదు. శ్రుతిపెట్టె కోసం సీతారామయ్య పక్క గదిలోకి వెళ్ళి, మృదంగం గలేబు ఎత్తాడు. కింద పుస్తకం ఉంది. చిన్నారావు చేతిరాతే, పార్సిల్ రిజిస్టర్లు రాసి రాసి గుండ్రంగా తిరిగిన హిందీ అక్షరాలు. ఈయనకు హిందీ మాట్లాడటం వచ్చుగానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. కూడబలుక్కున్నాడు. లిపి హిందీదైనా మాట తెలుగే. హారతందుకోవయ్య అప్పన్న సామీ అని మొదలైంది.

అది సీతారామయ్య నాన్న పాట. నాన్న శంకరదాసుగారు పార్వతీపురం చుట్టుపక్కల పేరున్న హరిదాసు. ఆయన కట్టిన పాటల్లో ఈ మంగళహారతి ఒక్కటే కొడుక్కి ఆస్తిగా మిగిలింది. ప్రతి ఉగాదికీ పాఠశాల వార్షికోత్సవం చివర్లో సీతారామయ్య లేచి నిలబడి, “ఇది మా నాన్నగారి రచన” అని చెప్పి పాడేవాడు. సభలో ముసలాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. ఆ ఒక్క రోజూ ఫిట్టరు సీతారామయ్య కాదు, శంకరదాసుగారి అబ్బాయి. ఆ ఒక్క రోజు కోసమే మిగతా ఏడాది బతికేవాడంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

అయితే సభలో పాడేది రెండు చరణాలే, పిల్లలకు నేర్పేదీ రెండే. మూడో చరణం నాన్న పోయే ముందు చెవిలో చెప్పి, “తగినవాడు దొరికితేనే ఇయ్యి, లేదంటే నీతోనే పోనీ” అన్నాడు. ఏడాదికోసారి నాన్న తద్దినం రోజున తలుపులేసుకుని పాడుకునేవాడు సీతారామయ్య. నోటుపుస్తకంలో పేజీ అడుగున ఆ మూడో చరణం ఉంది.

*కొండెక్కి రాలేను, కాళ్ళు నొచ్చెను సామి,*
*గుండెలో దీపమే గుమ్మాన పెట్టితిని.*

ఆ రెండు పంక్తులూ ఆయన రెండుసార్లు కూడబలుక్కున్నాడు. ఇక పేజీ తిప్పలేదు. పుస్తకం సంచిలో కుక్కేసి, కడుపునొప్పి అని చెప్పి, పిల్లల్ని పంపేశాడు.

ఇక చూడండి ఆయన అవస్థ. నాలుగు రోజుల్లో పద్దెనిమిదేళ్ళ స్నేహాన్ని తిరగేసి బోర్లించి చూశాడు. నిరుడు తద్దినానికి చిన్నారావు భోజనానికి వచ్చాడు కదా, అరగంట ముందే ఎందుకొచ్చాడు? గుమ్మం బయట నిలబడి విన్నాడన్నమాట. ఈమధ్య మృదంగం గది తలుపు ఎందుకు మూస్తున్నాడు? తను లోపలికి వెళ్ళగానే ఆ కూనిరాగం ఎందుకు ఆపేస్తున్నాడు? గోల్ బజార్‌లో వయొలిన్ తీగలు కొనడానికి వెళ్తే కొట్టువాడు, “ఆప్‌కే మృదంగం మాస్టర్‌జీ నాలుగు ఖాళీ క్యాసెట్లు పట్టుకెళ్ళారు” అన్నాడు. దాంతో లెక్క తేలిపోయింది. రాయపూర్ వెళ్ళి, రేడియోవాళ్ళకు పాట తనదని చెప్పి ఇచ్చేస్తాడు. పుస్తకం పోయిందని చిన్నారావు ఎవరినీ అడగలేదు. గదంతా వెతికాడు, గలేబులు దులిపాడు, నోరు మాత్రం మెదపలేదు. దొంగ కాకపోతే అడగడూ?

ఆదివారం కర్గీ రోడ్‌లో ఒక పెళ్ళికి ఇద్దరూ వాయించి తిరుగు పాసింజరు ఎక్కారు. సీతారామయ్య వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పుడూ పక్కనే కూర్చునే మనిషి.

“ఏటి చిన్నారావూ, క్యాసెట్లు కొంటన్నావట?”

చిన్నారావు ఉలిక్కిపడ్డాడు. “అమ్మ కోసం అన్నా.”

“ఎనభై ఏళ్ళ ముసలమ్మకి క్యాసెట్లెందుకు?”

“ఊరికేనే,” అని చిన్నారావు కిటికీలోంచి బయటికి చూశాడు. బిలాస్‌పూర్ వచ్చేదాకా తల ఇటు తిప్పలేదు. సీతారామయ్యకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. కోపం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చింది. తమ్ముడిలా చూసుకున్నాను కదరా వీణ్ణి అనుకున్నాడు.

మర్నాడు సంఘం కార్యదర్శి వేణుగోపాల్ దగ్గర పంచాయితీ పెట్టాడు. ఆయన బ్యాంకు ఆఫీసరు, నెమ్మదస్తుడు, గొడవలంటే భయం. చిన్నారావును పిలిపించారు. బల్ల మీద నల్ల పుస్తకం చూడగానే అతని మొహం పాలిపోయింది.

“ఇది నీ రాతేనా?” అన్నాడు సీతారామయ్య.

“నాదే అన్నా.”

“మా నాన్న మూడో చరణం నీకెలా వచ్చింది? నేనెవరికీ చెప్పలేదే.”

చిన్నారావు పుస్తకం వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. “అంతా చదివేవా?” అన్నాడు.

“చదవాల్సింది చదివేను. జవాబు సెప్పు.”

అతను కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది. “తప్పైపోయింది. నేనే రాసుకున్నాను. నువ్వు ఏ శిక్ష ఏసినా సరే. ఆ పుస్తకం మాత్రం నాకిచ్చీ.”

“ఎందుకియ్యాలి? మళ్ళీ అమ్ముకోడానికా?”

వేణుగోపాల్ గారు కల్పించుకుని, “అచ్ఛా, ఒప్పుకున్నాడు గదా, వచ్చే ఆదివారం కమిటీ ముందు పెడదాం. సీతారామయ్య గారూ, మా వాళ్ళకు హిందీలో పాట చూపిస్తే ఏం బాగుంటుంది, మీరే తెలుగులో రాసి తీసుకురండి,” అన్నారు. చిన్నారావు లేచి నిలబడ్డాడు. “కమిటీ ఎందుకండీ, నేనే మానెస్తాను,” అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి, “అన్నా, ఆ పుస్తకం చదవకు. నా మాటిను,” అని వెళ్ళిపోయాడు. అతను అలా బతిమాలడం సీతారామయ్య ఎన్నడూ వినలేదు. అయినా మనసు కరగలేదు సరికదా, ఇంకా ఏదో ఉందన్న అనుమానం ఇంకో మెట్టెక్కింది.

శనివారం ఆయనకు సెలవు. పొద్దున్నే కాఫీ తాగి, తెల్లకాగితం ముందు పెట్టుకుని, పుస్తకంలోంచి ఒక్కొక్క అక్షరం తెలుగులోకి దించడం మొదలుపెట్టాడు. పల్లవి, ఒకటి, రెండు, మూడు. రాయడం అయిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకోవాల్సిన మనిషి, ఇంకేం దొంగిలించాడో చూద్దామని పేజీ తిప్పాడు.

వెనక పేజీలో నాలుగో చరణం ఉంది.

*మద్దెల మోసేటి అమ్మన్న పాటిది,*
*వద్దనక వినిపోవె వరహాల సామి.*

అమ్మన్న అంటే చిన్నారావు తండ్రి. ముప్పై ఏళ్ళు శంకరదాసుగారి పక్కన మద్దెల వాయించినవాడు. పాట కట్టినవాడు ఆఖరి చరణంలో తన పేరు పెట్టుకోవడం మామూలే. ఆ సంగతి సీతారామయ్యే పిల్లలకు ఏడాదికి పదిసార్లు చెప్తాడు.

రెండోసారి చదివాడు. మూడోసారి వేలు పెట్టి చదివాడు. పేరు మారలేదు. మూడో చరణాన్ని నాన్న ఎందుకు దాచమన్నాడో అప్పుడు అర్థమైంది. మూడోది బయటికొస్తే, పాట రెండు చరణాలతో అయిపోలేదని తెలిసి, పేరున్న నాలుగోదేదని ఎవరైనా అడుగుతారు. కొడుకుని కాపలా పెట్టి, ఏం కాస్తున్నాడో చెప్పకుండా పోయాడు పెద్దమనిషి. సీతారామయ్యకు తండ్రి మీద మొదటిసారి కోపం వచ్చింది. వెంటనే సిగ్గేసింది. పద్దెనిమిదేళ్ళు ఉగాది సభలో “మా నాన్నగారి రచన” అని తను గొంతెత్తి చెప్తుంటే, పక్కనే తల వంచుకుని మృదంగం శ్రుతి చూసుకున్న మనిషి గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

వయొలిన్ పెట్టె సైకిల్‌కి కట్టుకుని తోర్వాలో చిన్నారావు ఇంటివైపు తొక్కాడు. చిన్నారావు డ్యూటీకి వెళ్ళాడు. వరండాలో చాప మీద బుజ్జమ్మ, అతని తల్లి, బియ్యంలో రాళ్ళేరుతోంది. పక్కనే టేప్ రికార్డరు ఉంది.

“ఒచ్చేవా నాయనా, కూకో,” అంది బుజ్జమ్మ. “ఈ పెట్టి నాకోసం తెచ్చేడు మా చిన్నోడు. నాకు మాటలు మర్చిపోతన్నాయని పాటలన్నీ దీనిలో పాడించి పుస్తకంలో రాసేడు. మనవరాలు పెత్యూషకి మన అచ్చరాలు రావు కదా, ఇందీలో రాసేడు. అదెక్కడో పడీసుకుని పది రోజులై అన్నం సరిగ్గా తినట్లేదు.”

సీతారామయ్య నల్ల పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. చాప మీద కూర్చున్నాడు. వయొలిన్ తీసి శ్రుతి చూసుకున్నాడు.

“అమ్మా, అప్పన్న హారతిలో నాలుగోది నాకు రాదు. మీరు చెప్పాలి.”

బుజ్జమ్మ చేట పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూసింది. “మీ నాన్నా ఇలాగే కూకున్నాడు నాయనా, మా ఇంటి సాప మీద. మా ఆయన మద్దెల మీద దరువేత్తా సెప్పేడు. ఈ పాట నేను కతల్లో పాడతాను, పెద్ద సభ దొరికినప్పుడు నీ పేరు సెప్తాను అమ్మన్నా అన్నాడు.”

“తర్వాత?”

“ఆ పెద్ద సభ రానేదు,” అంది ముసలావిడ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే సీతారామయ్యకు కాస్త తేలికగా ఉండేది.

ఆమె పాడింది. ఆయన వయొలిన్ మీద పట్టుకోబోయి రెండుచోట్ల తప్పాడు. మళ్ళీ పాడింది. మూడోసారి పాడుతుండగా గేటు చప్పుడైంది. చిన్నారావు సైకిలు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. చాపనూ, పుస్తకాన్నీ, వయొలిన్‌నూ చూశాడు. పేజీ తిప్పిందీ చూశాడు.

“చదవొద్దన్నాను కదన్నా,” అన్నాడు మెల్లగా.

“చదివీసేను. రేపు కమిటీలో తప్పు నాదని సెప్తాను. నువ్వు మానడానికి లేదు.” సీతారామయ్య మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. “ఉగాదికి నాలుగూ పాడతాను. పేరు నేనే సెప్తాను. ఆ పెద్ద సభ ఎప్పుడో ఒచ్చింది తమ్ముడూ, పద్దెనిమిదిసార్లు ఒచ్చింది. సెప్పనోణ్ణి నేను.”

చిన్నారావు సైకిలు గోడకి ఆనించి, మొహం తుడుచుకున్నాడు. లోపలికి వెళ్ళి మృదంగం తెచ్చుకుని, తల్లి పక్కన కూర్చుని, గలేబు విప్పాడు.

“ఇద్దరూ ఏడవడం అయ్యేక సెప్పండి,” అంది బుజ్జమ్మ. “వరహాల దగ్గర తప్పుతన్నావు నాయనా. మళ్ళీ అను.”

సీతారామయ్య మళ్ళీ అన్నాడు.