ఎగువ చేను మట్టి

పెద్దాయనకి తన చేను అద్దంలా ఉండాలి. ఒక్క గడ్డిపోచ కనిపించినా తల కొట్టేసినట్టు ఉండేది. కోత కాగానే కొయ్యకాళ్లకి నిప్పు పెట్టి, రెండుసార్లు దున్నించి, గట్టు మీద నిలబడి మీసం దువ్వుకునేవాడు. వానొచ్చినప్పుడల్లా మట్టి కొట్టుకుపోతోందని, ఇలాగైతే విత్తడానికి రాళ్లే మిగులుతాయని భార్య పెళ్లైన నాటి నుంచీ మొత్తుకుంటోంది. కలుపు తీసేది ఆవిడ. వేళ్లకి రాయి తగిలేది ఆవిడకే.

"దుక్కి గురించి నీకేం తెలుసే?" అనేవాడు. చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పెట్టింది గానీ, మహానుభావుడి చెవిలోకి ఒక్క ముక్క దూరితే ఒట్టు.

వ్యవసాయాఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. తగలబెట్టకండి, దున్నకుండా గడ్డి కప్పి విత్తండి, గాలికీ నేలకీ మంచిది అని చెప్పింది. ఈయనగారు కూర్చోమనైనా అనలేదు. పల్లపు చేను ఈయన తమ్ముడిది. అతను మాత్రం ఆ మాట విన్నాడు. నేల మీద ప్రేమ కొద్దీ అనుకునేరు! నడుం పట్టేసి ట్రాక్టరెక్కలేక మూలుగుతున్న మనిషికి, దున్నొద్దనగానే ప్రాణం లేచొచ్చింది.

"చేనా అది, పశువుల కొట్టమా?" అని అన్నగారు కనిపించిన వాళ్లందరికీ చెప్పి నవ్వాడు.

ఆ ఏడు తొలి వానే కుండపోత. తెల్లారి మొగుడూ పెళ్లాలు వెళ్లి చూస్తే ఎగువ చేనంతా రాళ్లు తేలి ఉంది. నల్లటి పైమట్టి గట్టు తెంచుకుని పల్లానికి దిగి, తమ్ముడి గడ్డిలో చిక్కుకుని మెత్తగా పరుచుకుంది. ఆవిడకి ఏడుపొచ్చింది.

"ఎరువు తోలించే పని తప్పించావు అన్నయ్యా" అన్నాడు తమ్ముడు పళ్లికిలించి.

"అది నా మట్టిరా."

"పట్టుకెళ్లు మరి. తట్ట ఇమ్మంటావా?"

అంతే. ఆ వారమే ఎగువ చేలో గడ్డి మోపులు దిగాయి. దుక్కి ఆగింది, నిప్పు ఆగింది, గట్టు పొడవునా పొదలు లేచాయి. మట్టి కాలవలోకి పోయినన్నాళ్లూ హాయిగా గురక పెట్టిన మనిషికి, తమ్ముడికి చేరేసరికి నిద్ర పట్టలేదు. చేను దక్కినందుకు ఆవిడ సంతోషించింది. కడుపు మాత్రం మండింది. ఇన్నేళ్ల తన మాట మరిది పళ్లికిలింతపాటి చేయలేదు.

మరుసటి ఏడు ఆఫీసు అమ్మాయి కెమెరాతో వచ్చింది. ఈసారి కుర్చీ వేశారు.

"మీరెందుకు మారారండీ?" అని అడిగింది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఎండలు ముదిరిపోతున్నాయి, వానలు గతి తప్పాయి. రేపు పుట్టబోయే పిల్లల కోసం నేలని మనమే కాపాడాలి కదమ్మా."

ఆ పిల్ల కరిగిపోయింది. "అందరూ మీలా ఆలోచిస్తే ఎంత బాగుండేది. మిగతా రైతులకి ఎలా చెప్పాలో తెలియట్లేదు."

ఆవిడ మంచినీళ్ల గ్లాసు అందించింది.

"చెప్పడమెందుకమ్మా? ఒక్కొక్కరికీ పల్లపు చేలో ఒక తమ్ముణ్ణి పెట్టండి. పెళ్లాంతో మాత్రం చెప్పించకండి. అది పనిచేయదు, నేను చూశాను."