పొంగని పాట

శనివారం సాయంత్రమైతే వెర్నా బన్నుల పిండి పిసుకుతూ పాడాల్సిందే. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక బల్లల మీద ఇంటికో వంటకం పెట్టుకుని తినే ఆ టెనెస్సీ ఊళ్లో, ఆమె పళ్లెం ఏనాడూ ఖాళీగా తప్ప ఇంటికి రాలేదు. ఈస్టు వేసేది కాదు. మనసారా నమ్మి పాడితే పిండి దానంతటదే పొంగేది. అందరికీ తెలిసిందే, ఎవరికీ వింత కాదు. ఈస్టు అమ్మే కొట్టువాడికి మాత్రం కడుపుమంట.

ఈసారి పాడింది డోయల్ రాసిన పాట. నెల తిరిగితే వాళ్ల పెళ్లి. పెళ్లిలో వెర్నా అదే పాడాలని అతని పట్టు. 'నువ్వు లేని నేను నీ బూటుకంటిన దుమ్ము' అని మొదలు. కుర్రాడు గిటారు బాగా వాయిస్తాడు, నవ్వితే బుగ్గ సొట్టపడుతుంది, ఇంకేం కావాలి? వెర్నా గొంతెత్తి పాడింది. పిండి చచ్చినా కదల్లేదు.

మర్నాడు ఆ బన్నుల్ని ఎవరూ పల్లెత్తు మాటనలేదు, అక్కడ అలా అనరు. తలా ఒకటి తీసుకుని, కోడి ఎముకల కింద దాచేసి, "పాపం, దేవుడు చల్లగా చూడాలి పిల్లని" అన్నారు. ఆ ఊళ్లో అంతకు మించిన తిట్టు లేదు. పాస్టరుగారి కుక్క కూడా వాసన చూసి పక్కకెళ్లిపోయింది. వెర్నాకి తల కొట్టేసినట్టయింది.

అమ్మమ్మ ఓడెల్ ఏం పాడావని అడిగి, పాటంతా విని మొహం చిట్లించింది. అక్కడే ఉన్న డోయల్ ఊరుకోలేదు. మనిషి మట్టేనని బైబిల్లోనే ఉంది కదా అన్నాడు.

"మట్టే నాయనా. ఆ తర్వాత దేవుడు ఊపిరూదాడు. నీ పాట అక్కడిదాకా రానేలేదు" అంది అమ్మమ్మ.

పై శనివారం వెర్నా పాటలో మాటలు మార్చి పాడింది: 'నువ్వుంటే సంతోషం, లేకున్నా నేను నేనే.' పిండి, పైన కప్పిన గుడ్డని నెట్టుకుని, గిన్నె దాటి కిటికీ గట్టు మీదికి పాకింది. సరిగ్గా అప్పుడే వచ్చిన డోయల్ మండిపడ్డాడు. తను రాసింది రాసినట్టు పాడకపోతే పెళ్లే వద్దన్నాడు.

వెర్నా కొత్త ముద్ద కలిపి అతని ముందు పెట్టింది. "నువ్వే పాడు. పొంగితే నీ మాటే వింటా."

డోయల్ తనకొచ్చిన పాటలన్నీ పాడాడు. ముద్ద ఇంకా అణిగిపోయింది. చివరికి గిటారు కింద పెట్టి, రాగం లేకుండా గొణిగాడు.

"నువ్వు నాకంటే బాగా పాడతావు. అందుకే నాకు భయం."

ముద్ద బొటనవేలంత లేచింది. వెర్నాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దాని మీద తడిగుడ్డ కప్పింది.

"రెండింతలవనీ, అప్పుడు మాట్లాడదాం పెళ్లి సంగతి."

ఆ నెల పెళ్లి జరగలేదు. డోయల్ మాత్రం ప్రతి శనివారం గిటారు ఇంట్లో వదిలేసి వచ్చి, గిన్నె ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు.