ముప్పై ఆరు సెకండ్ల అసూయ

"రేపు కలుద్దాం, బ్రహ్మచారి గారూ!"

గోడ అవతల మా ఆవిడ గొంతు అలా వినబడేసరికి నా చేతిలోని చాయ్ సగం లుంగీకి, సగం నేలకి దక్కింది. ఒక్క దూకు దూకి వరండాలో పడ్డాను. ప్రేమమణి కుర్చీలో ఉంది. రైల్వే కేబిన్లో పట్టాల పాయింట్లు మార్చే బ్రహ్మచారి చాప మీద ఉన్నాడు. మధ్యలో పలక, పలక మీద సుద్దముక్కతో గీసిన రెండు రైళ్ళు.

"ఎక్కడ కలుస్తారు రేపు?" అని గర్జించాను.

"కలుద్దాం కాదండీ, కలుపుదాం అన్నాను. ఎదురెదురుగా వచ్చే బళ్ళ వేగాలు కలపాలి. ఆ లెక్క రేపటికి పెట్టుకున్నాం," అంది ప్రేమమణి.

"ఏందన్నా, జెర పరేషాన్ ఉన్నవ్?" అన్నాడు బ్రహ్మచారి. పేరుకే బ్రహ్మచారి. ఇంట్లో నలుగురు పిల్లలు.

నా అనుమానం అక్కడికక్కడే తీరింది. అసూయ తీరలేదు.

పోలీసు చర్య అయి ఏడాది కావస్తోంది. ఆ నాలుగైదు రోజులు ఆగిన బళ్ళన్నీ మళ్ళీ కదిలాయి గాని, పార్సిల్ ఆఫీసులో నా బండి పధ్నాలుగేళ్ళుగా ఉన్నచోటే ఉంది. ఇన్నాళ్ళకు ఒక్క గార్డు ఉద్యోగం ఖాళీ అయింది. దానికి పరీక్ష. ఈసారి తెలుగులోనూ రాయవచ్చన్నారు. ఇరవై మందిమి దరఖాస్తు పెట్టాం. నల్లకోటు తొడుక్కుని, పచ్చజెండా ఊపి, బండినంతటినీ ఒక్క ఈలతో కదిలించాలని నా కోరిక. అప్పటిదాకా నా మాటకు మా ఇంట్లో కుర్చీ కూడా కదిలేది కాదు.

ప్రేమమణి మిషన్ బడిలో లెక్కల టీచరు. బోయిగూడలో ఆవిడకున్న పేరు విని బ్రహ్మచారి కూడా ఆ పరీక్షకే చదువుకోవడానికి వచ్చాడు. "మీరూ కూర్చోండి," అంది నన్ను. పెళ్ళాం ముందు పలక పట్టుకోవడమా! పైగా రిలేటివ్ స్పీడట. రిలేటివ్ అంటే చుట్టమే కదా, చుట్టం వేగం నాకు తెలియదా? వచ్చేటప్పుడు మెయిలు, వెళ్ళేటప్పుడు గూడ్సు! అని నవ్వేసి లోపలికి పోయాను. లెక్క చెయ్యని నన్ను ఆ వరండాలో ఎవరూ లెక్క చెయ్యలేదు.

కానీ రోజూ గోడకు చెవి ఆనించి కూర్చునేవాణ్ణి. ఒకే దిక్కుగా పోతే ఒక వేగంలోంచి ఇంకోటి తీసెయ్యాలి, ఎదురైతే కలపాలి, ఒకదాన్నొకటి దాటాలంటే రెండు బళ్ళ పొడవూ దాటాలి. అన్నీ చెవికెక్కాయి. వాటితోబాటు "భేష్, బ్రహ్మచారి గారూ! ఎంత చురుకండీ మీ బుర్ర!" అన్న మాట కూడా రోజుకు పదిసార్లు ఎక్కేది. పదహారేళ్ళ కాపురంలో నా బుర్ర గురించి ఆవిడ ఒక్కసారే మాట్లాడింది. నూనె రాసుకోమంది.

రెజిమెంటల్ బజార్ దగ్గర ఒక పెద్ద గదిలో పరీక్ష పెట్టారు. నా పక్క బల్ల బ్రహ్మచారిది. అయిదో ప్రశ్న ఇది: గంటకు ఇరవై అయిదు మైళ్ళ వేగంతో ప్యాసింజరు, ఇరవై మైళ్ళ వేగంతో గూడ్సు ఎదురెదురుగా వస్తున్నాయి. ఒక్కొక్కటి రెండు వందల ఇరవై గజాలు. పూర్తిగా దాటుకోవడానికి ఎంతసేపు?

గోడ చదువు గుర్తుకొచ్చింది. పొడవులు కలిపితే పావు మైలు. వేగాలు కలిపితే నలభై అయిదు. ఇరవై సెకండ్లు! రాసేసి మీసం దువ్వుకున్నాను.

అంతలో కన్ను పక్కకు జారింది. బ్రహ్మచారి కాగితం మీద ముప్పై ఆరు.

చురుకు బుర్ర ముప్పై ఆరంటే, నూనె బుర్ర ఇరవై అంటుందా? ఇరవై కొట్టేశాను. ముప్పై ఆరు రాశాను.

వారం తరువాత ఇరవై మందినీ అదే గదిలో కూర్చోబెట్టి, పరీక్ష పెట్టిన అధికారి మా ఇద్దర్నీ లేపాడు.

"అయిదో లెక్కకు జవాబు ఇరవై. గదిలో ముప్పై ఆరు రాసింది మీరిద్దరే. ఎవరు ఎవర్ని చూశారు? చెప్పకపోతే ఇద్దరి పేర్లూ కొట్టేస్తాను."

బ్రహ్మచారి చేతులు కట్టుకున్నాడు. "నేనెవర్నీ చూడలే సాబ్. మా కేబిన్ కాడ ఒక్కటే లైను. ఒక్క లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగ ఉరుకుతయా? గుద్దుకోవా? గూడ్సును స్టేషన్ల పక్క లైనుకు మళ్ళిచ్చి నిలబెడ్తం, ప్యాసింజర్ను పోనిస్తం. నిలబడ్డ బండికి వేగమేడిది సాబ్? ఇరవై అయిదుతోనే లెక్క కట్టిన."

గదంతా నవ్వింది. అధికారి కూడా మీసాల్లో నవ్వుకుని నా వైపు తిరిగాడు. "మరి నువ్వు?"

'నేనూ గూడ్సును ఆపాను సార్' అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. అసలు నోరు మెదపకపోయినా చాలు, నాతో పాటు వాడి నల్లకోటూ పోతుంది. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

"మా టీచరమ్మ పేరు ఖరాబ్ చెయ్యకుండ్రి సాబ్," అన్నాడు బ్రహ్మచారి మెల్లిగా. "ఆమె మంచిగనే నేర్పింది. మళ్ళిచ్చింది నేను."

ఆవిడ పేరు వాడు కాపాడుతుంటే నేను చూస్తూ నిలబడడమా! అక్కడ కూడా అసూయే పొడిచింది.

"చూసింది నేను సార్," అన్నాను. గొంతు అవసరం కన్నా పెద్దగా వచ్చింది. "నాది ఇరవయ్యే. కొట్టేశాను, చూడండి. మా ఆవిడ రోజూ ఇతన్ని మెచ్చుకుంటుంది. ఇతని తప్పు కూడా నా ఒప్పు కన్నా గొప్పదనుకున్నాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అధికారి నా కాగితం వెలుగుకు పట్టి, కొట్టేసిన ఇరవైని చూశాడు. బ్రహ్మచారితో, "నీ లెక్క తప్పు, డ్యూటీ ఒప్పు. మిగతావన్నీ సరే. గార్డువి నువ్వే," అన్నాడు. నా కాగితం మడిచి పక్కన పెట్టేశాడు.

ఆ సాయంత్రం మా వరండాలో వాడకట్టంతా చేరింది. బ్రహ్మచారి నలుగురు పిల్లలు, పక్కింటి శ్యామలమ్మ, ఎదురింటి డోరా అందరూ ఉన్నారు. ఒకే తప్పు ఇద్దరికి ఎలా వచ్చిందో అందరికీ నేనే చెప్పాను. పలక మీద గీసి మరీ చెప్పాను. ఇక్కడ ఈయన గూడ్సు నిలబడింది, ఇక్కడ నా బుద్ధి నిలబడలేదు.

ప్రేమమణి పలక అందుకుని లెక్క సరిచూసింది.

"అయితే ఇరవై మీకే వచ్చిందన్నమాట!"

"వచ్చింది."

"ఇన్నాళ్ళూ ఒక్క జవాబైనా నాకు చెప్పి ఉంటే నేనూ భేష్ అనేదాన్ని కదండీ," అంది.