ఎనిమిది గజాల గళ్ల బట్ట

ఇస్తారి మస్కట్‌కు వచ్చిన కొత్తలో, అంటే 1991లో, కంపెనీ మొత్తాన్ని నవ్వించిన పేరు ఒకటి పెట్టాడు. ఆ పేరు గిలీస్ సాబుది. ఇసుక, కంకర, సిమెంటు పరీక్షించే లాబ్‌కు ఆయన పెద్ద. స్కాట్లండ్ మనిషి, యాభై దాటిన వయసు. నడుము నుంచి మోకాళ్ల దాకా వెనక కుచ్చులు పోసిన గళ్ల బట్ట కట్టేవాడు. దాన్ని కిల్ట్ అంటారట. పండగకో పెళ్లికో కాదు, రోజూ అదే. ఆఫీసుకు అదే, బజారుకు అదే.

మొదటిసారి ఆయన జీపు దిగుతుంటే చూసి, "గీయనెవలురా, లంగ సాబు!" అన్నాడు ఇస్తారి. సిరిసిల్ల దిక్కు ఆ మాటకు దొంగ అని కూడా అర్థం ఉంది కనుక వెంట ఉన్న రూము మనుషులు పన్నెండు మందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. వారం తిరిగేసరికి ఆ పేరు వాళ్లు ఉండే హమ్రియా క్యాంపు నుంచి సైట్లన్నింటికీ పాకింది.

ఇస్తారిది మగ్గం నేసే ఇల్లు. ఊరంతా పవర్‌లూములు వచ్చి చేతిమగ్గానికి పని తగ్గాక, అన్న దేవదాసు ఒక్కడూ పాత మగ్గం పట్టుకుని ఉండిపోయాడు. ఇస్తారి, భార్య రజితను అన్నావదినల దగ్గర ఉంచి ఇక్కడికి వచ్చి రోడ్డు పనిలో చేరాడు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో బర్కా దగ్గర రోడ్డు వేస్తుండగా, కాగుతున్న డాంబరు డబ్బా ఒరిగి ఇస్తారి రెండు తొడల మీదా పడింది. అయిదు వారాలు దవాఖానాలో ఉన్నాడు. ప్రాణం దక్కింది, కాళ్లు దక్కాయి. కానీ కొత్తగా వచ్చిన చర్మం ఉల్లిపొరలా ఉండేది. లుంగీ కట్టినా ముందువైపు చేత్తో కాస్త ఎత్తిపట్టుకుని నడవాల్సిందే. ఆరు నెలల పాటు ఒంటికి అతుక్కునే బట్ట వేయవద్దని డాక్టరు కాగితం రాసిచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పోతే, క్యాంపు చూసే ఖమరుద్దీన్ దాన్ని రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చాడు. హైదరాబాదు మనిషి, చెడ్డవాడు కాదు.

"లుంగీ మీద డ్యూటీ లేదు ఇస్తారీ. రూల్ నేను రాయలే. సైట్‌ల వద్దు, కూసుండే పని చూద్దామన్నా ఆఫీసుల పాంట్ ఉండాలె అంటరు మేనేజర్ సాబ్. పాంట్ ఏస్కుంటవా, ఎగ్జిట్ రాసి ఇంటికి పంపాల్నా?"

"ఎట్ల ఏస్కుందు సేట్? నువ్వే జూడు."

"నేను జూస్తే ఏమైతది భాయ్. వారం రోజులు టైమ్ ఇస్తున్న."

ఇస్తారి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. వచ్చి ఏడాదిన్నర కాలేదు. ఈ కాళ్లతో ఇంటికి పోతే మగ్గం గుంటలో దిగి తొక్కడానికి కూడా పనికిరాడు. ఏం చేయాలో తోచక అక్కడే ఉండిపోయాడు.

అప్పుడే గిలీస్ సాబు మెట్లెక్కి వస్తూ ఆగాడు. ఒమన్‌లో పదేళ్లుగా ఉన్నా ఆయనకు వచ్చిన హిందీ ముప్పై నలభై మాటలు.

"క్యా హువా?"

తాను పేరు పెట్టి నవ్వించిన మనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఇస్తారి తల దించుకున్నాడు. డాక్టరు కాగితం ఇచ్చాడు. లుంగీ అంచు మోకాలి పైదాకా జరిపి చూపించాడు. గిలీస్ సాబు ఎండలోనే గొంతుకూర్చుని ఆ కాళ్లను చాలాసేపు చూశాడు. లేచి, ఇస్తారి భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. నేరుగా మేనేజరు బల్ల ముందు నిలబెట్టాడు. వెనకే ఖమరుద్దీన్ పరుగెత్తుకొచ్చాడు.

గిలీస్ సాబు ముందు ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడాడు. తర్వాత ఇస్తారికి కూడా అర్థం కావాలని హిందీలో అన్నాడు.

"ఇస్కా పాంట్ నహీ. మేరా భీ పాంట్ నహీ. దోనో కా ఎగ్జిట్ బనావ్."

ఇతనికి పాంటు లేదు, నాకూ లేదు, ఇద్దరి ఎగ్జిట్లూ రాయమన్నాడు. మూలన ఫైళ్లు సర్దుతున్న ఒమానీ గుమస్తా ఒకసారి తన పొడుగు అంగీ దిశ్‌దాషా వైపు, దాని కింద నడుముకు లుంగీలా చుట్టుకున్న వజారు వైపు చూసుకుని నవ్వాపుకోలేకపోయాడు. మేనేజరుకూ నవ్వొచ్చింది. పెన్ను మూత తీసి, లుంగీ మీదే లాబ్ పని చేసుకోవచ్చని రాసిచ్చాడు.

ఆ మధ్యాహ్నమే ఇస్తారి లాబ్‌లో చేరాడు. స్టూలు మీద కూర్చుని ఇసుక జల్లించడం, తూచడం, కాంక్రీటు దిమ్మల మీద రంగుతో నంబర్లు వేయడం అతని పని. కాళ్లకు గాలి తగలాలని గిలీస్ సాబు తన గదిలోని ఫ్యాను తెచ్చి అతని స్టూలు పక్కన పెట్టించాడు.

శనివారాల్లో కట్టు మార్పించడానికి ఆయనే జీపులో దవాఖానాకు తీసుకుపోయేవాడు. తిరిగి వస్తూ కుర్రం పేటలో ఉన్న తన ఇంటి దగ్గర ఆపి టీ ఇప్పించేవాడు. ఆ ఇంట్లో వంటా పనీ చూసే పెంచలమ్మది కడప జిల్లా. ఏడేళ్లుగా అక్కడే ఉండటంతో ఆమెకు ఇంగ్లీషు చదవడం, రాయడం కూడా బాగానే పట్టుబడింది.

మూడో శనివారం ఇస్తారి టీ గ్లాసు ముట్టలేదు.

"అక్కా, సాబుకు ఓ ముచ్చట జెప్పాలె. నువ్వు ఇంగ్లీషుల జెప్పు. గా పేరు పెట్టింది నేనే అని జెప్పు. తప్పయింది అను."

"యా పేరు? లంగ సాబా?" పెంచలమ్మ పకపకా నవ్వింది. "అది ఆయప్పకు పోయినేడే చెప్పినా లేబ్బీ. పెట్టింది నువ్వేనని మాత్రం తెల్దు."

ఆమె లోపలికి పోయి చెప్పింది. గిలీస్ సాబు భార్యతో కలిసి వంటింట్లోకి వచ్చాడు. నవ్వుతున్నాడు. అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఏదో చాలాసేపు చెప్పాడు. పెంచలమ్మ ముక్కముక్కగా తెలుగు చేసింది.

"ఆయన ఊర్లోనూ ఇప్పుడెవరూ రోజూ కట్టరంటబ్బీ. పెండ్లిండ్లకే అంట. ఆయన రోజూ కడతాంటే ఊర్లో పిలకాయలు నీకంటే పెద్ద పేర్లే పెట్నారంట. వాళ్ల నాయన గొర్లు కాసేటాయన. ఎండకీ వానకీ ఇదే కట్టినాడంట. నాయన పోయినాక ఈయన పట్టుకున్యాడు."

గిలీస్ సాబు వేలు ఎత్తి, అది కూడా చెప్పమన్నట్టు ఇంకో మాట అన్నాడు.

"లండన్‌లో మొదటి ఉద్యోగానికి పోయిననాడు వాకిలి కాడే ఆపినారంట, ఈ బట్ట మీద రాగూడదని. ఒక ముసలి మేస్త్రీ వచ్చి, బట్ట కాదు, పని చూడండని లోపలికి పిల్చుకపోయినాడంట. ఆయప్పకు థాంక్స్ చెప్పుకునే లోపలే కాలం చేసినాడంట. నువ్వు మెట్లమీద కూచోనుంటే ఆయనే గుర్తొచ్చినాడంట."

ఇస్తారి రెండు చేతులూ జోడించాడు. గిలీస్ సాబు ఆ చేతులు దించి, టీ చల్లారుతోందని గ్లాసు చూపించాడు.

జూన్ వచ్చింది. మస్కట్ కొండలు పెనంలా కాలేవి. కిల్టు మందమైన ఉన్ని బట్ట. గిలీస్ సాబు నడుము చుట్టూ చెమట పొక్కులు లేచి, గోకి గోకి రక్తం కారేది. భార్య చెప్పింది, డాక్టరు చెప్పాడు. రెండు రోజులు పాంటు వేసి మూడోనాడు మళ్లీ కిల్టే కట్టాడు. పాంటులో తన కాళ్లు తనవి కావనిపిస్తుందని చెప్పాడట.

ఆ శనివారం ఇంటి వెనక తీగ మీద కిల్టు ఆరుతోంది. ఇస్తారి దగ్గరికిపోయి మొదటిసారి ఆ బట్టను వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. ఏడాదికి పైగా డాంబరు, కంకర తప్ప వేరేదీ ఎరగని వేళ్లు అవి. కింది అంచు మడిచి కుట్టింది కాదు. చీర అంచులా మగ్గం మీదే దిగింది. ముదురు ఆకుపచ్చ, నీలం, మధ్యలో సన్నటి తెల్ల గీత. నిలువు పడుగులో ఎన్ని పోగులో అడ్డం పేకలోనూ అన్నే. ఎక్కడా ఒక పోగు తప్పలేదు.

"అక్కా, ఇది నేసినోడు మంచి పనోడు," అన్నాడు. "గని ఈ ఎండకు ఉన్నేంది? ఇదే గళ్లు నూలుతోని దిగితే సాబు పాణం సల్లగుండు."

"నూలుతో యాడ దొరుకుతాది?"

"దొరకది. నెయ్యాలె."

సూదితో ఒక్కో పోగూ పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. ఆకుపచ్చ ఎన్ని, నీలం ఎన్ని, తెలుపు ఎన్ని అని లాబ్ కాగితం వెనక రాసుకున్నాడు. పెంచలమ్మ టేపు పట్టి పన్నా, అంటే వెడల్పు, ముప్పై అంగుళాలని, విప్పదీస్తే పొడవు ఎనిమిది గజాలు వస్తుందని తేల్చింది. సాబుకు చెప్పవద్దని ఆమె దగ్గర ఒట్టు వేయించుకున్నాడు.

ఎండాకాలం పోయేసరికి కాళ్లు మానాయి. ఆ డిసెంబరులో సెలవు మీద ఇంటికి పోయాడు. కాగితం చూసి దేవదాసు తల గోక్కున్నాడు.

"ఇది ఏటవాలు నేతరా. మన మగ్గానికి రాదు."

"సాదా నేతే నేద్దామన్నా. గళ్లు తప్పకుంటే సాలు."

"ఎవలికి గింత తండ్లాట?"

ఇస్తారి లుంగీ పైకి జరిపి మచ్చలు చూపించాడు. జరిగింది చెప్పాడు. దేవదాసు మర్నాడే నూలు తెచ్చాడు. రంగులు తనే దగ్గరుండి అద్దించాడు. రజిత నూలును కండెలకు చుట్టింది. అన్న అలసిపోతే తమ్ముడు మగ్గం గుంటలో దిగేవాడు. మొదటి రెండు గజాల్లో తెల్ల గీత ఒక పోగు పక్కకు పోయిందని విప్పేసి మళ్లీ నేశారు. ఇస్తారి సెలవు మొత్తం దానికే సరిపోయింది. బంధువుల ఇళ్లకు కూడా పోలేదని రజిత కాసేపు మూతి ముడుచుకుంది. బట్ట మగ్గం దిగిన నాడు మాత్రం తనే గంజి పెట్టి మడతలు పెట్టింది.

సెలవు ముగిసి ఇస్తారి ఆ బట్టతో మస్కట్‌కు తిరిగొచ్చాడు. హమ్రియా సందులో కుట్టుమిషను పెట్టుకున్న బాషాది ప్రొద్దుటూరు. అంతవరకు కిల్టు కుట్టినవాడు కాదు. పెంచలమ్మ ఒక శుక్రవారం సెలవు పెట్టి వచ్చి, దుకాణంలో చాపపరిచి కూర్చుంది. చీర కుచ్చిళ్లు పోసినట్టే ఇరవై ఏడు కుచ్చులు పోసి, ప్రతి కుచ్చు మీదా తెల్ల గీత సరిగ్గా ఒకేచోట పడేలా దారంతో టాకా వేసింది.

"ఈడ కుట్టు బాషా. ఇంతకంటే జరిగితే నీ చేతులు ఇరగ్గొడతా."

"కొట్టాకు లేక్కా, కుడతాండా," అన్నాడు బాషా.

ఇస్తారి మడతపెట్టి ఇచ్చిన కొత్త కిల్టును గిలీస్ సాబు చేతిలోకి తీసుకుని ముందు తూకం చూశాడు, లాబ్ మనిషి కదా. తర్వాత కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకున్నాడు. తెల్ల గీత వెంట వేలు పోనిచ్చాడు. అవి తమ వంశం గళ్లేనని పోల్చుకున్నప్పుడు ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. లోపలికిపోయి కట్టుకుని వచ్చాడు.

"ఠండా," అన్నాడు. చల్లగా ఉందని. ఆపైన ఆయనకు హిందీ అందలేదు. ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టి అదీ ఆపేశాడు. ఇస్తారిని గట్టిగా కావలించుకున్నాడు.

తర్వాతి ఎండాకాలమంతా ఆఫీసుకు అదే కట్టాడు. చెమట పొక్కులు లేవలేదు. చూసిన ప్రతివాడికీ నేసిన మనిషి పేరు చెప్పేవాడు. 'ఇస్తారి' అనడం రాక 'ఇస్టరీ' అనేవాడు. క్యాంపులో పాత పేరు పలికేవాళ్లు క్రమంగా తగ్గిపోయారు. ఎవరైనా కొత్తవాడు నవ్వబోతే, "నోరు మూస్కో. గాయన మన మనిషి," అనేవాడు ఇస్తారి.

1996లో గిలీస్ సాబు పని ముగించుకుని సొంత ఊరికి వెళ్లిపోయాడు. పోయేముందు ఇస్తారిని లాబ్ అసిస్టెంటుగా కాగితం మీద రాయించి, కొత్తగా వచ్చే సాబుకు అప్పగించి పోయాడు. మరుసటి శరదృతువులో ఉత్తరం వచ్చింది. పెంచలమ్మ అప్పటికి వేరే ఇంట్లో పనిచేస్తోంది. ఇస్తారి అక్కడికి పోయి చదివించుకున్నాడు. వాళ్ల ఊర్లో ఆ ఏడు ఎండ కాసిన వారం రోజులూ గడ్డి కోతకు నూలు కిల్టే కట్టాడట. అది చూసి ఇద్దరు ముసలివాళ్లు, పెళ్లిళ్లకని పెట్టెల్లో దాచిన తమ కిల్టులు బయటికి తీశారట. తమకూ నూలువి నేసిస్తారా అని అడిగారట. ఒక్కో వంశానివి ఒక్కో రకం గళ్లట, వాళ్ల ముక్కలు ఉత్తరంలోనే కుట్టి పంపాడు.

ఇస్తారి ఆ ముక్కలు జాగ్రత్తగా విప్పి, పోగులు లెక్కపెట్టి, దేవదాసుకు రాశాడు. మూడు నెలల పాటు ఆ పాత మగ్గానికి పని దొరికింది.

"సాబుకు ఏమని రాయమంటావబ్బీ?" అని బట్టలు పంపేనాడు అడిగింది పెంచలమ్మ.

"నేను బాగున్ననని రాయి అక్కా. కాళ్లు బాగున్నయని రాయి. మా అన్న ఆయనను అడిగిండని రాయి."

ఆమె అంతే రాసింది.